ముందు పాడుచేయండి, తర్వాత కాపాడుదాం

మీకు కొంచెం నేల ఉందా? దాన్ని పచ్చగా, పదిలంగా పిల్లలకు అప్పగించాలని ఉందా? అయితే నా మాట విని ఇవాళే ఒక జేసీబీని పిలిపించండి!

ప్రకృతి ప్రేమికులు చెప్పు తియ్యకముందే ఒక మనవి. నేను కాంట్రాక్టర్‌ని కాను. నాకు రిసార్టు లేదు. పోర్ట్ బ్లెయిర్ హాడో పేటలో గవర్నమెంటు క్వార్టర్‌లో ఉంటూ, ఎప్పుడో దయతలచే కొళాయి కింద బిందెలు వరసగా పెట్టుకునే మామూలు దీవివాసిని. చెట్లంటే నాకూ ఇష్టమే. ఇష్టం కాబట్టే చెబుతున్నాను. ఈ కాలంలో భూమిని రక్షించగలిగేది ఒక్కటే. అది పసుపు రంగులో ఉంటుంది, ముందు పళ్లుంటాయి, వెనక్కి నడిచేటప్పుడు కీ కీ మని అరుస్తుంది.

నమ్మకం కుదరలేదా? అయితే మా గవరమ్మ పిన్ని సంగతి వినండి. ఆవిడ జేసీబీని పిలవలేదు. ఏమైందో చూడండి!

అబర్డీన్ బజార్‌లో బస్సెక్కి, పొద్దున తిన్న ఇడ్లీ గొంతులోకి వచ్చేన్ని మలుపులు తిరిగితే ఒక కొండ వస్తుంది. ఆ కొండ వాలులో పిన్నికి కాస్త నేల ఉంది. వాళ్ల నాన్న శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చి సంపాదించిన నేల. వాలంతా వెదురు, పనస, పోకచెట్లు, నడుమ ఒక పెద్ద పడౌక్ చెట్టు, మిగతా చోటంతా పేరు తెలియని తీగలు. వాలు అడుగున ఒక బావి.

మార్చి, ఏప్రిల్ వచ్చాయంటే మా దీవుల్లో చుట్టూ సముద్రమే, తాగడానికి మాత్రం చుక్క ఉండదు. అప్పుడు కూడా ఆ బావి ఎండదు. చుట్టుపక్కల ఇళ్లన్నీ ఆ నీళ్లే తాగుతాయి. నేను హాడో నుంచి స్కూటర్‌కి క్యాన్లు కట్టుకుని వెళ్లి తెచ్చుకుంటాను. పిన్ని నీళ్లు ఉచితంగా ఇస్తుంది, తిట్లు కూడా ఉచితంగానే ఇస్తుంది. బొక్కెన బావి గోడకు తగిలితే తిడుతుంది. నీళ్లు ఒలికితే తిడుతుంది. తిట్టడానికేమీ దొరక్కపోతే మా ఆవిడ వంట గురించి అడుగుతుంది.

ఆ నీళ్లు తాగేవాళ్లకు రెండే నియమాలు. వాలు మీద కొమ్మ విరవకూడదు. వానలకు ముందు ఒక ఆదివారం అందరూ వచ్చి బావి పూడిక తీయాలి. ఆ ఆదివారం చర్చివాళ్లు తెలుగు ఆరాధన ముగించుకుని వచ్చేదాకా పని మొదలుపెట్టకూడదు. అందాకా మిగిలినవాళ్లు గట్టు మీద కూర్చుని, "పాస్టర్ గారు ఇయ్యాల ప్రసంగం సాగదీసినట్టున్నారు" అని గొణుక్కుంటారు. నేను పుట్టకముందు నుంచీ ఇలాగే సాగుతోంది.

ఇదంతా సంరక్షణ అని వాళ్లు అనుకుంటున్నారు పాపం! దానికొక ప్రాజెక్టు పేరు లేదు. లోగో లేదు. బ్యానర్ లేదు. టోపీల్లేవు. టోపీ పెట్టుకోకుండా చేసిన సంరక్షణ ఏం సంరక్షణండీ?

ఇలా అజ్ఞానంలో రోజులు గడుస్తుండగా పై నేల ఆసామి వీరేంద్రకు జ్ఞానోదయమైంది. వీరేంద్ర మాకు పరాయివాడు కాదు. ఆ బావి నీళ్లతోనే పెరిగినవాడు, పిన్నిని పిన్నీ అనే పిలుస్తాడు. అతని కొండ మీద నుంచి చూస్తే సముద్రం కనిపిస్తుంది. సముద్రం కనిపించే చోట కాటేజీ కడితే టూరిస్టు దిగుతాడు. కాటేజీకి చదునైన చోటు కావాలి. కొండకేమో చదును అలవాటు లేదు. జేసీబీ వచ్చి అలవాటు చేసింది. తవ్విన ఎర్రమట్టి అంతా పిన్ని గట్టు పైన గుట్టగా పడింది.

పిన్ని పైకెక్కి వెళ్లింది.

"బావూ, వానొచ్చిందంటే నీ మట్టంతా నా బాయిలోకే వచ్చేత్తాది. గట్టు ఎంట ఓ రాతి కాలవ కట్టించు. నీల్లు పక్కకి పోతాయి."

"కట్టించేస్తాను పిన్నీ, టెన్షన్ మత్ లో. సిమెంట్ షిప్పులో ఉంది."

మా దీవుల్లో ఈ మాటకు తిరుగులేదు. గృహప్రవేశాలు ఆగుతాయి, కట్టుడుపళ్ల సెట్లు ఆగుతాయి, ఎవరూ మారు మాట్లాడరు. షిప్పులో ఉన్న వస్తువును ఒడ్డున నిలబడి ఎవరేం చేయగలరు? పిన్ని దిగి వచ్చేసింది. సిమెంట్ ఇప్పటికీ షిప్పులోనే ఉంది. ఆ షిప్పు బహుశా ప్రపంచయాత్రలో ఉంది.

సరిగ్గా అప్పుడే పోర్ట్ బ్లెయిర్‌కి ఒక సంస్థ దిగింది. సొంత భూములున్నవాళ్లకూ, ఊరి జనానికీ తమ నేలను తాము కాపాడుకోవడంలో సాయం చేసే సంస్థ. దాని పూర్తి పేరు రాస్తే ఈ కాలమ్‌లో ఇంకేమీ పట్టదు. సాయం సంస్థ అందాం. ఏసీ హాల్లో అవగాహన సదస్సు పెట్టారు. పిన్నిని నేనే తీసుకెళ్లాను. వట్టి చేతులతో ఎలా వెళ్తామని ఆవిడ ఒక పనసకాయ మోయించింది. మోసింది నేనే.

అక్కడ వివరాలు రాసుకుంటున్న అమ్మాయి పేరు లహరి. మా దీవుల పిల్లే. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం సిగ్గుపడి నవ్వుతుంది. మంచి పిల్ల.

"ఆంటీ, మీ జమీన్‌కి ప్రాబ్లమ్ ఏంటో చెప్పండి" అంది.

"పైనుంచి మట్టి రాకుండా ఓ రాతి కాలవ కావాలమ్మా."

"అది పైవాళ్ల ప్రాబ్లమ్ కదా ఆంటీ. మీ దాంట్లో ఏం ఖరాబ్ అయింది?"

"ఏటీ అవలేదు."

"చెట్లు పోయాయా?"

"ఎందుకు పోతాయి? నాను సచ్చిపోనానేటి?"

"పోనీ... మట్టి కొట్టుకుపోయిందా?"

"లేదమ్మా."

"బావి? బావి సూఖ్ గయా, ఎండిపోయింది కదా?" అని ఆశగా అడిగింది లహరి.

"నిండుగా ఉందమ్మా. వచ్చి తాగు."

లహరి మొహం వాడిపోయింది. "దేఖియే ఆంటీ, మా స్కీమ్ పాడైన భూములకే. మీది మరీ బాగుంది. సారీ."

చూశారా? కాలూ చెయ్యీ బాగున్నవాడు ఆసుపత్రికెళ్లి మంచం కావాలంటే ఇస్తారా? తప్పు పూర్తిగా పిన్నిదే. ఇన్నేళ్లు నేలను కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటే ఇప్పుడు ఎవరు మాత్రం ఏం చేస్తారు?

వెనక వరసలో వీరేంద్ర కూర్చుని ఉన్నాడు. తన వంతు రాగానే ఫోన్ తీసి తన కొండ ఫోటో చూపించాడు. తోలు వొలిచిన మేకలా ఎర్రగా ఉంది కొండ. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన నిపుణుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. హాలంతా అయ్యో అంది. అక్కడికక్కడే వీరేంద్రను లబ్ధిదారుగా ఎంపిక చేశారు. జేసీబీ మహిమ అంటే అదీ!

తర్వాత అతని కొండ మీద సాయం కుండపోతగా కురిసింది. ముందు బోర్డు వచ్చింది. కాటేజీ కన్నా బోర్డు పెద్దది. ఆ వెనకే పచ్చ వలలు, డ్రిప్పు పైపులు. ఆ తర్వాత మొక్కలు, అవీ మెయిన్‌లాండ్ నుంచి షిప్పులో. ఎందుకంటారా? కింద పిన్ని నేలలో పనసగింజ ఉమ్మేస్తే మొలుస్తుంది నిజమే. కానీ షిప్పు దిగని వస్తువును మేమెప్పుడు గౌరవించాం కనక? ఉల్లిపాయ షిప్పు దిగాలి, ఇటుక షిప్పు దిగాలి, మొక్కా దిగాలి. సముద్రం బాగోలేక అవి ఆలస్యమయ్యాయి. హాడో జెట్టీలో దిగేసరికి, డెక్కు మీద వాంతులు చేసుకుని వచ్చిన ప్రయాణికుల్లా పసుపు పచ్చగా ఉన్నాయి.

వాటికి పోయడానికి వీరేంద్ర దగ్గర నీళ్లు లేవు. కొండ తవ్వినప్పుడే అతని నేలలోని నీటి ఊట ఆగిపోయింది. పిన్ని బావికి మోటారు పెట్టుకుంటానని అడిగాడు.

"పెట్టుకో. మొక్కలేటి పాపం సేసాయి?" అంది పిన్ని. ఆపైన అరగంట సేపు తిట్టింది.

ఆ నీళ్లతో బతికిన నాలుగు మొక్కల పక్కన నిలబెట్టి వీరేంద్రకు ఉత్తమ భూరక్షకుడు అనే బిరుదిచ్చారు. శాలువా కప్పారు. "ఒకప్పుడు నా కొండ బోసిగా ఉండేది" అంటూ అతను ప్రసంగం మొదలుపెట్టగానే నా పక్కాయన కళ్లు ఒత్తుకున్నాడు. బోసిగా చేసిందెవరని ఎవరూ అడగలేదు. శుభమా అని శాలువా కప్పుకున్న మనిషిని అలాంటివి అడుగుతారా?

ఇక దీవుల్లో చైతన్యం వచ్చింది చూడండి! జేసీబీ బుకింగ్ దొరకాలంటే సిఫార్సు కావాల్సి వస్తోంది. పాడుచేసేంత స్థలం లేని ఒకాయన పెరట్లో కరివేపాకు మొక్క పీకేసి, ఆ గుంట పక్కన తల పట్టుకు కూర్చుని ఫోటో తీయించుకున్నాడు. ఇంకొకాయన పొరుగువాడి గొయ్యి ముందు నిలబడి ఫోటో దిగాడు. పొరుగువాడు ఒప్పుకోలేదు, మాటామాటా పెరిగి ఇద్దరూ కలిసి సామూహిక విభాగంలో అర్జీ పెట్టుకున్నారు. రేపో మాపో పెళ్లిచూపుల్లో "అబ్బాయికి ఒక ఎకరం బోడినేల ఉందండీ, మంచి భవిష్యత్తు" అని చెప్పుకునే రోజు వస్తుంది.

ఇంత చక్కటి దారి కళ్ల ముందుండగా మనవాళ్లు వెనకబడటం నాకు నచ్చలేదు.

మేలో మబ్బులు కమ్ముకోకముందే పూడిక తీసే ఆదివారం వచ్చింది. ఆరాధన ముగించుకుని రేవులో క్రేన్ నడిపే ఆనందబాబు, అతని భార్య ఫేబే, మిగతా చర్చివాళ్లు వచ్చారు. వాళ్ల కోసం ఎదురుచూసి విసిగిపోయిన చేపల నూకన్న అప్పటికే బావిలో దిగి ఉన్నాడు. పని అయి టీ తాగుతుండగా నేను లేచి నిలబడ్డాను.

"మనమూ కొంచెం పాడుచేద్దాం" అన్నాను. "ఎక్కువొద్దు. ఫోటోకి సరిపడా. స్కీమ్ వస్తుంది, దాంతో రాతి కాలువ కట్టించుకుందాం."

పిన్ని చీపురు అందుకుంటుందని రెండడుగులు వెనక్కి వేశాను. ఆవిడ అందుకోలేదు. పైనున్న మట్టిగుట్టను చూసింది. మబ్బును చూసింది.

"కాలవ వత్తాదంటే... ఓ మూల, సిన్నది, తీసియ్యండి" అంది. అంత మెల్లగా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

కత్తులూ పారలూ పట్టుకుని వాలెక్కాం. మొదట వెదురు పొద దగ్గర ఆగాం. నూకన్న అడ్డం నిలబడ్డాడు.

"ఇది కాదు భయ్యా. పోయిన తుపానుకి గట్టుని పట్టుకున్నది ఇదే కదా."

పనసచెట్టు దగ్గరకు వెళ్లాం. ఆనందబాబు కత్తి దించేశాడు. "మా ఫేబే కడుపుతో ఉన్నప్పుడు అన్నం మానేసి దీని తొనలే తిన్నాది. దీన్ని నరికేసి నాను ఇంటికెల్లి పడుకోగలనా?"

పడౌక్ దగ్గర ఎవరూ ఆగలేదు. దాన్ని ముట్టుకుంటే ఫారెస్టువాళ్లు మమ్మల్నే పాడుచేస్తారు. చివరికి ఎందుకూ పనికిరాని తీగల డొంక ఒకటి కనిపించింది. నేను ఉత్సాహంగా కత్తి ఎత్తాను. ఫేబే కెవ్వుమంది.

"ఆగండి భయ్యా! నా కోడి!"

నిజమే, డొంకలో ఫేబే కోడి గుడ్లు పొదుగుతోంది. ఇన్నాళ్లూ ఆ కోడిని నూకన్న కూర వండుకున్నాడని ఫేబే అనుమానం. నూకన్న తన శీలం నిరూపణ అయినందుకు మరో టీ అడిగాడు.

ఇక మిగిలింది బావికి దగ్గర్లో వట్టి గడ్డి ఉన్న చారెడు చోటు. చెట్టు లేదు, పుట్ట లేదు, కోడి కూడా లేదు. పార దించబోయాను.

"అక్కడొద్దు" అంది పిన్ని.

"ఎందుకు పిన్నీ? అక్కడేముంది?"

"ఎందుకంటే ఏటి సెప్తాను? వద్దంటే వద్దు."

అందరం దిగి వచ్చేశాం. ఒక్క పుల్ల విరవలేదు. ఇంతమంది పెద్దవాళ్లు, చేతిలో ఆయుధాలున్నవాళ్లు, రెండు గజాల నేల పాడుచేయలేకపోయారు. ఇలాంటి జనానికి ఈ రోజుల్లో ఎవరు సాయం చేస్తారు చెప్పండి?

ఆ వారంలోనే వాన పడింది. మా దీవుల వాన సంగతి తెలిసిందే కదా, ఒకసారి మొదలైతే గొడుగు కూడా రాజీనామా చేస్తుంది. వీరేంద్ర మట్టిగుట్ట జారింది. షిప్పు దిగిన మొక్కలతో సహా, పచ్చ వలతో సహా, గట్టు దాటి కిందకు వచ్చింది. వెదురు కొంత ఆపింది. ఆగనిది బావిలో పడింది.

నేను క్యాన్లతో వెళ్లేసరికి బావిలో నీళ్లు టీ రంగులో ఉన్నాయి. బొక్కెన వేశాను. అది గోడకు ఠంగున తగిలింది. పిన్ని ఏమీ అనలేదు. అరుగు మీద కూర్చుని అలా చూస్తూ ఉంది. నాకు ఏడుపొచ్చింది.

నాలుగు రోజుల్లో లహరి పరుగున వచ్చింది. "బధాయీ ఆంటీ, కంగ్రాట్స్! మీ బావి ఖరాబ్ అయింది కదా, మీ ల్యాండ్ స్కీమ్‌లోకి వచ్చేసింది!" అంది. అన్నాక బావిలోకి తొంగి చూసింది. ఆ పిల్ల మళ్లీ తలెత్తడానికి చాలాసేపు పట్టింది.

"మరి కాలవ?" అంది పిన్ని.

"అది సివిల్ వర్క్ ఆంటీ. మా స్కీమ్‌లో లేదు. ముందు మీకు ట్రైనింగ్ ఇస్తారు. నేలను ఎలా కాపాడుకోవాలో నేర్పిస్తారు." గొంతు తగ్గించింది. "ట్రైనర్‌ని నేను సెలెక్ట్ చేయలేదు ఆంటీ. అవార్డు వచ్చినవాళ్లనే పంపిస్తారు."

అలా వీరేంద్ర శిక్షకుడై మెడలో బ్యాడ్జీతో పిన్ని ఇంటికి వచ్చాడు. మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, ఎదురుగా తెర కట్టి, మొదటి బొమ్మగా తన కొండ వేశాడు.

ఇక్కడిదాకా వెటకారంతో లాక్కొచ్చాను. ఇక నా వల్ల కాదు. ఆవిడ అడిగింది ఒక్క రాతి కాలువ. బిరుదు అడగలేదు, బోర్డు అడగలేదు. నేలను పాడుచేసినవాడికి బాగుచేసుకోవడానికి సాయం ఇవ్వండి, వద్దనడం లేదు. వీరేంద్ర కూడా మావాడే. కానీ పాడు కానివ్వకుండా జీవితమంతా కాపలా కాసిన మనిషి చెయ్యి చాపితే, ముందు పాడవనీ, తర్వాత వస్తామనడం ఏం న్యాయం? నాకు ఒళ్లు మండుతోంది.

పిన్నికి మండలేదో, మండినా మర్యాద అడ్డొచ్చిందో తెలియదు. ఇంటికొచ్చిన మనిషికి ముందు మంచినీళ్లు ఇవ్వాలి కదా! లోపలికి వెళ్లి స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చి వీరేంద్ర చేతిలో పెట్టింది. బావి నీళ్లే. అడుగున ఎర్రమట్టి పేరుకుంటోంది.

వీరేంద్ర గ్లాసులోకి చూశాడు. మా అందరినీ చూశాడు. మెల్లగా గ్లాసు కింద పెట్టి, సంచీలోంచి సీలున్న నీళ్ల బాటిల్ తీశాడు. మూత తిప్పబోతుంటే పిన్ని అడిగింది.

"ఆ సీసా ఎక్కడిది బావూ?"

"మెయిన్‌లాండ్‌ది పిన్నీ. షిప్పులో వస్తాయి."

"సముద్రం బాగోక షిప్పు రాలేదనుకో. అప్పుడెక్కడికెల్తావు?"

వీరేంద్ర మూత మీద చెయ్యి తీశాడు. "నీ దగ్గరికే వస్తాను పిన్నీ" అన్నాడు. 

"రా. నాను ఇయ్యనని ఎప్పుడూ అనను" అంది పిన్ని, కింద పెట్టిన గ్లాసు తీసి మళ్లీ వాడి చేతిలోనే పెడుతూ. "గలాసు ఇదే. నీల్లూ ఇవే."